మైలతుత్తంలో రాగి ఎంత?



కిందటి చలికాలంలో మా డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో జరిగిన సంగతి ఒకటి ముందు చెబుతాను. బీయస్సీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి చేతిలో కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. వాళ్లది తెనాలి పక్కన పల్లె. నిమ్మతోట ఉంది. చెట్లకు తెగులు తగిలినప్పుడల్లా వాళ్ల నాన్నగారు బోర్డో మిశ్రమం సొంతంగా కలుపుకుంటారు. కిలో మైలతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. ఈసారి ఆయన చేతికి వచ్చిన కరపత్రంలో మోతాదును మైలతుత్తం లెక్కన కాకుండా రాగి లెక్కన రాశారట. "కిలో మైలతుత్తంలో రాగి ఎంతుంటుందో మీ మేడంగారిని అడిగి రామ్మా" అని కూతురికి చెప్పి పంపారు. ఆ అమ్మాయి నన్ను అడిగే ముందే కంప్యూటర్లో లెక్క కట్టుకుని, ఒకసారి సరిచూడమని తెచ్చింది. కాగితం మీద 398 గ్రాములు అని ఉంది.

చూడగానే తేడా కొట్టింది. కిలో మైలతుత్తంలో రాగి పావుకిలోకి కాస్త పైన ఉంటుంది, అంతే. ప్రయోగశాలలో ఏళ్ల తరబడి ఆ నీలి పలుకులు తూచినవాళ్లకు ఆ పావు గుర్తుండిపోతుంది. "ఏదమ్మా, నువ్వు టైపు చేసింది చూపించు" అన్నాను.

ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మా ల్యాబ్ కంప్యూటర్లలో ఎక్సెల్‌కు తగిలించిన చిన్న యాడ్-ఇన్ ఒకటి ఉంది. మా సహోద్యోగి ఒకాయన విజువల్ బేసిక్‌లో రాసిచ్చారు. గడిలో మూలకం సంకేతం వేసి, ఏం కావాలో చెబితే చాలు. పరమాణు సంఖ్య, పరమాణు భారం, సాంద్రత, కరిగే ఉష్ణోగ్రత, మరిగే ఉష్ణోగ్రత, ఏది అడిగితే అది పక్క గడిలోకి వచ్చి కూర్చుంటుంది. అమ్మాయి అడిగినవన్నీ సరిగ్గానే వచ్చాయి. రాగి 63.546. గంధకం 32.06. ఆక్సిజన్ 15.999. ఒక రాగి, ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్లు కూడితే 159.6. రాగి భారాన్ని దానితో భాగిస్తే దాదాపు 40 శాతం. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

మరి ఎక్కడ పోయింది? నీళ్లు పోయాయి. మైలతుత్తం పలుకులో ఒక్కో కాపర్ సల్ఫేటుకు అయిదేసి నీటి అణువులు జతకట్టి ఉంటాయి. పొడిగా చేతికి తగులుతుంది కాబట్టి లోపల నీళ్లున్నాయని తోచదు. ఆ నీలం రంగు ఆ నీళ్లు ఉన్నంతసేపే. పరీక్షనాళికలో రెండు పలుకులు వేసి సారాదీపం మీద పెట్టండి. గొట్టం పైభాగాన చెమట పట్టినట్టు నీళ్లు చేరతాయి, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక ఒక్క నీటిచుక్క వదిలితే పొడి మళ్లీ నీలంగా తిరుగుతుంది. నీళ్లతో కలిపి లెక్కిస్తే మొత్తం 249.68. అప్పుడు రాగి వాటా 25.45 శాతం, కిలోకి 254 గ్రాముల చిల్లర. రాగి భారం మారలేదు, కింద హారం మారింది. 398కీ 254కీ మధ్య ఎంత తేడా ఉందో ఆ రైతుకు నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్క మన పొలాల్లో ఇంకోచోట కూడా కనిపిస్తుంది. వరికి జింకు లోపం వచ్చినప్పుడు వేసే జింక్ సల్ఫేట్ సంచుల మీద కొన్నిటికి 21 శాతం అని, కొన్నిటికి 33 శాతం అని ఉంటుంది. ఒకటి మేలైనదీ ఇంకోటి నాసిదీ అనుకునేవాళ్లున్నారు. రెండూ అదే జింక్ సల్ఫేట్. మొదటిదానిలో ఏడు నీటి అణువులు, రెండోదానిలో ఒకటే. 21 శాతం రకం సంచిలో మీరు కొనేదానిలో పెద్ద భాగం నీళ్లే. అందులో మోసమేమీ లేదు, మోతాదు దానికి తగ్గట్టు పెంచి వేసుకోవాలి, అంతే.

ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది ఈ యాడ్-ఇన్ గురించే. పిల్లలకు అది ఎంతో ఉపయోగమని నమ్మి ల్యాబ్‌లో పెట్టించినదాన్ని నేనే. ఇప్పటికీ అదే నమ్మకం. కానీ గడిలోకి వచ్చి కూర్చునే ప్రతి అంకెకూ పుట్టిన ఊరు, పుట్టిన తేదీ ఉంటాయి. అవి తెలియకుండా అంకెను వాడితే ఎక్కడెక్కడ జారిపడతామో, నేను చూసిన మేరకు చెబుతాను.

రేడియోలో గడులు చూపించలేను, మీరే మనసులో గీసుకోండి. చిట్టా పుస్తకంలా గళ్లు గళ్లుగా ఉన్న పెద్ద కాగితం. పైన ఏ, బీ, సీ అని అక్షరాలు, పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఒక గడిలో రాసినదాన్ని ఇంకో గడి చదివి లెక్క చేయగలదు. ఎక్సెల్‌కు కూడికలూ సరాసరులూ పుట్టుకతో వచ్చు. సోడియం బరువెంతో తెలియదు. ఆ తెలియనిదాన్ని నేర్పే చిన్న ఫైలే యాడ్-ఇన్. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్ అన్నచోటికి వెళ్లి, ఫైలు చూపించి, పక్కన టిక్కు పెడితే, ఆ కంప్యూటర్లో ఏ షీటు తెరిచినా ఆ కొత్త ఫంక్షన్ పనిచేస్తుంది.

మేం చదువుకున్న రోజుల్లో గోడకు వేలాడే ఆవర్తన పట్టిక ఒకటి, క్లార్క్ టేబుల్స్ పుస్తకం ఒకటి. వెనక బెంచీ నుంచి గోడమీది అంకె కనపడక లేచి వెళ్లి చూసి వచ్చేవాళ్లం. వచ్చి కూర్చునేలోపు ఒక అంకె అటూ ఇటూ అయ్యేది. లాగరిథమ్ చూసి, గుణించి, యాంటీలాగ్ చూసి తేల్చేసరికి పీరియడు గంట కొట్టేవారు. ఇప్పుడు నలభైమంది పిల్లలు నలభై రకాల లవణాలకు అణుభారం కట్టమంటే పావుగంట పని. మిగిలిన సమయం ఆ లవణం గురించి మాట్లాడుకోవచ్చు. ఆ తెనాలి అమ్మాయితో మైలతుత్తంలో నీళ్ల గురించి అంతసేపు మాట్లాడగలిగానంటే, గుణకారాలు యంత్రం చేసిపెట్టబట్టే.

అయితే యాడ్-ఇన్ ఉన్న కంప్యూటర్లో చేసిన షీటును ఇంటికి తీసుకెళ్లి తెరిస్తే, అంకెలుండాల్సిన గడుల్లో నేమ్ అన్న మాట, వెనక ప్రశ్నార్థకం కనిపిస్తాయి. ఆ ఫంక్షన్ పేరు ఈ కంప్యూటర్‌కు తెలియదు అని దాని భావం. పిల్లలు తమ లెక్క పాడైందని హడలిపోతారు. లెక్క పాడవలేదు, చెప్పే ఫైలు అక్కడ లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. యాడ్-ఇన్‌లో ఉండేవి మాక్రోలు, అంటే ప్రోగ్రాములు. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందుగానే ఆపేస్తోంది. అది మన మంచికే. ఎవరు రాశారో తెలియని యాడ్-ఇన్‌కు తలుపు తీయకండి.

అందుకే నేను పిల్లలతో మొదట చేయించేది వేరు. యాడ్-ఇన్ ముట్టుకునే ముందు 118 వరుసల పట్టిక ఒకటి సొంతంగా తయారుచేయిస్తాను. అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే పబ్‌కెమ్‌లో మూలకాల పట్టిక మొత్తం ఉచితంగా దించుకోవచ్చు. ఎక్సెల్ కొనలేనివాళ్లకు లిబ్రాఫీస్ ఉచితం. పట్టిక ఒక షీటులో, లెక్క ఇంకో షీటులో. రెంటికీ మధ్య వారధిగా వి-లుకప్ అనే ఫంక్షన్. సంకేతం ఇది, పట్టిక అది, అందులో నాలుగో నిలువు వరుస ఇవ్వు అని అడగడమే దాని పని. యాడ్-ఇన్ లోపల జరిగేది కూడా ఇంచుమించు ఇదే. ఒకసారి చేత్తో చేస్తే లోపలి కీలు తెలుస్తుంది.

ఆ వి-లుకప్ దగ్గర ఒక మెలిక ఉంది, కాగితం పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. చివర ఫాల్స్ అన్న మాట తప్పకుండా వేయాలి. వేయకపోతే అది దగ్గరిదగ్గర సరిపోయేదాన్ని వెతుకుతుంది. అలా వెతకడానికి పట్టిక అక్షరక్రమంలో ఉందని నమ్ముకుంటుంది. మన పట్టిక హైడ్రోజన్, హీలియం, లిథియం అంటూ పరమాణు సంఖ్యల వరుసలో ఉంటుంది కదా. దాంతో సోడియం అడిగితే వేరే మూలకం బరువు తెచ్చి చేతిలో పెట్టవచ్చు. తప్పు అని ఎర్రజెండా కూడా చూపదు. కొత్త ఎక్సెల్‌లో ఉన్న ఎక్స్-లుకప్‌తో ఈ బాధ లేదు, అది ముందే కచ్చితమైనదాన్నే వెతుకుతుంది.

ఇంకోటి, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా. రసాయనశాస్త్రంలో క్యాపిటల్ సీ, స్మాల్ ఓ అంటే కోబాల్టు. రెండూ క్యాపిటల్ అయితే కార్బన్ మోనాక్సైడు. ఎక్సెల్ వెతుకులాటకు ఈ తేడా పట్టదు. క్యాప్స్ లాక్ నొక్కి ఉంచి కార్బన్ మోనాక్సైడు కావాలని టైపు చేసిన పిల్లవాడికి కోబాల్టు బరువు 58.93 వస్తుంది. రావలసింది 28.01. పేరుతో వెతికినా చిక్కే. మనం సల్ఫర్‌ను పీ, హెచ్‌తో రాస్తాం, అంతర్జాతీయ పట్టికల్లో ఎఫ్‌తో ఉంటుంది. మనం అల్యూమినియం అంటాం, అమెరికావాళ్లు చివరి ఐ తీసేసి అల్యూమినం అంటారు. అందుకని పేరుతో కాకుండా సంకేతంతోనే వెతకమంటాను.

ఇవి వేళ్ల పొరపాట్లు, దిద్దుకోవచ్చు. నన్ను నిజంగా కలతపెట్టింది ఇంకోటి. అది కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఒక సంవత్సరం పిల్లలకు రెండో పీరియడ్ మూలకాల రుణవిద్యుదాత్మకత గ్రాఫు గీయమని ఇచ్చాను. రుణవిద్యుదాత్మకత అంటే, బంధంలో ఉన్న పరమాణువు ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం. లైనస్ పౌలింగ్ 1932లో దానికి కొలమానం కట్టాడు. లిథియం 0.98, బెరీలియం 1.57, బోరాన్ 2.04, కార్బన్ 2.55, నైట్రోజన్ 3.04, ఆక్సిజన్ 3.44, ఫ్లోరిన్ 3.98. మెట్లెక్కినట్టు చక్కగా పైకి పోతుంది. ఫ్లోరిన్ తర్వాత నియాన్. ఒక కుర్రవాడి గ్రాఫులో నియాన్ దగ్గర గీత కొండ మీద నుంచి లోయలో పడ్డట్టు సున్నాకు దిగిపోయింది. దాని కింద అతను ముత్యాల్లాంటి అక్షరాలతో వివరణ కూడా రాశాడు. నియాన్ బాహ్యకక్ష్య నిండి ఉంటుంది కాబట్టి దాని రుణవిద్యుదాత్మకత సున్నా అని.

చదివితే నమ్మబుద్ధేస్తుంది. కానీ పౌలింగ్ కొలమానంలో నియాన్‌కు విలువే లేదు. ఆ కొలత కట్టేది బంధాల శక్తిని బట్టి. బంధమే ఏర్పరచని నియాన్‌కు కొలత ఎలా వస్తుంది? పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని లుకప్ తెచ్చేటప్పుడు ఎక్సెల్ దాన్ని సున్నాగా చూపిస్తుంది. "తెలియదు" అన్నది కాస్తా "ఏమీ లేదు" అయిపోయింది. ఆ సున్నాకు మా కుర్రవాడు, పాపం, తనకు తెలిసిన పాఠంలోంచి కారణం వెతికి అతికించాడు. లేని అంకెకు ఉన్న శాస్త్రంతో సమర్థన పుట్టింది. నాకు ఆ రోజు ఆ కుర్రవాడి మీద కోపం రాలేదు. ఖాళీ గడి సంగతి ముందే చెప్పనందుకు నా మీద నాకు బాధేసింది. అప్పటినుంచి మా పట్టికలో ఖాళీ గడి ఉండదు. విలువ లేనిచోట "లేదు" అని తెలుగులో రాయిస్తున్నాను. మాట ఉన్న గడిని తెస్తే మాటే వస్తుంది, సున్నా రాదు.

మనం రాసినదాన్ని ఎక్సెల్ ఇలా ఇంకోలా చూపించే చోట్లు ఇంకా ఉన్నాయి. టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం ఉంది. దానికి స్థిరమైన ఐసోటోపు (ఒకే మూలకంలో వేరే బరువున్న పరమాణు రకం) లేదు, అందుకని చాలా పుస్తకాల్లో దాని భారాన్ని బ్రాకెట్లలో 98 అని వేస్తారు. ఆ గుండ్రటి బ్రాకెట్లతో సహా ఎక్సెల్‌లో టైపు చేసి చూడండి. మైనస్ 98 అయి కూర్చుంటుంది. జమాఖర్చుల లెక్కల్లో బ్రాకెట్ అంటే నష్టం కదా, అది వ్యాపారి పద్ధతిలో అర్థం చేసుకుంటుంది. అలాగే ఇనుము సంయోజకతలు రెండు, మూడు అని చెప్పడానికి రెంటి మధ్య చిన్న గీత పెట్టి రాస్తే తేదీగా మారిపోతుంది. జన్యుశాస్త్రజ్ఞులకు ఇదే తలనొప్పి వచ్చి, మార్చి, సెప్టెంబరు నెలల్లా కనిపించే జన్యువుల పేర్లనే 2020లో మార్చుకోవలసి వచ్చింది. రసాయనశాస్త్రంలో పేర్లు మార్చే వీలు లేదు. గడిని ముందే టెక్స్ట్ అని నిర్ణయించుకుని రాయడమే దారి.

ఇక అంకెల సంగతికి వస్తాను. పరమాణు భారం అంటే బ్రహ్మరాత అనుకుంటాం. అది మారుతుంది. ప్రపంచమంతా వాడే పరమాణు భారాలను ఐయూపాక్ అనే అంతర్జాతీయ సంస్థ తరఫున ఒక కమిషన్ ఎప్పటికప్పుడు సమీక్షించి ప్రకటిస్తుంది. జింకునే తీసుకోండి. నేను చదువుకున్న పుస్తకంలో 65.39. 2001లో దాన్ని 65.409 చేశారు. 2007లో 65.38కి తగ్గించారు. జింకు మారలేదు, కొలిచే చేయి మెరుగైంది. 2024లో జిర్కోనియం భారాన్ని 91.224 నుంచి 91.222కి సవరించారు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో మన అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధన గొట్టాలు తయారయ్యేది ఈ జిర్కోనియం మిశ్రమలోహంతోనే.

వరిచేలో జింకు వేసే రైతుకు 65.39కీ 65.38కీ తేడా లేదు, నిజమే. కానీ ఇద్దరు విద్యార్థులు ఒకే లవణానికి అణుభారం కట్టి రెండు జవాబులు తెస్తే, తప్పెవరిదో తేల్చాలంటే ఎవరి పట్టిక ఏ సంవత్సరానిదో తెలియాలి. ఎప్పుడో రాసి వదిలేసిన యాడ్-ఇన్‌లు చాలా ఉన్నాయి. అవి పాతవో కావో కనిపెట్టడానికి నేనొక చిట్కా వాడతాను. 118వ మూలకం అడుగుతాను. దానికి ఒగనెస్సాన్ అని 2016లో పేరుపెట్టారు. అనునాక్టియం అన్న తాత్కాలిక నామం వస్తే ఆ పట్టిక అంతకు ముందుదని లెక్క. అసలు ఏమీ రాకపోతే ఇంకా పాతదని.

కొన్ని మూలకాలకైతే ఒకే అంకె చెప్పడం కూడా కుదరదని తేలింది. హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్, గంధకం, క్లోరిన్ వంటివాటికి దొరికిన చోటును బట్టి ఐసోటోపుల పాళ్లు కొద్దిగా మారుతుంటాయి. అందుకని వాటి ప్రామాణిక భారాన్ని ఇంత నుంచి ఇంత వరకు అని ఇస్తారు. ఇప్పుడు అలాంటివి 14 మూలకాలు. వాటిలో సీసానిది అన్నిటికన్నా వింత. దాని భారం 206.14 నుంచి 207.94 దాకా ఎంతైనా ఉండవచ్చునంటారు. ఎందుకంటే భూమిలోని సీసంలో కొంత భాగం ఇతర మూలకాల నుంచి పుట్టినది. యురేనియం 238 క్షీణించి క్షీణించి సీసం 206 అవుతుంది. థోరియం అయితే సీసం 208 అవుతుంది. భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో థోరియం ఉంటుంది. ఆ రేణువుల్లో థోరియం నుంచి పుట్టిన సీసం 208 వైపు మొగ్గుతుంది. హార్వర్డ్‌లో థియోడర్ రిచర్డ్స్ అనే ఆయన 1914లోనే రేడియోధార్మిక ఖనిజాల నుంచి తీసిన సీసాన్ని తూచి, మామూలు సీసంతో బరువు కలవడం లేదని చూపించాడు. ఆయన జీవితమంతా పరమాణు భారాలు తూచడంలోనే గడిపాడు, నోబెల్ బహుమతి అందుకు వచ్చినదే. యాడ్-ఇన్‌ను సీసం బరువు అడిగితే 207.2 అని ఒక్క అంకె ఇస్తుంది. మామూలు లెక్కకు అది చాలు. మోనజైట్ లోపలి సీసానికి చాలదు.

బరువు ఒక్కటే కాదు. కార్బన్ సాంద్రత ఎంత అని అడగండి. ఒక పట్టిక ఘనసెంటీమీటరుకు 2.26 గ్రాములంటుంది, ఇంకోటి 3.51 అంటుంది. మొదటిది పెన్సిల్లోని గ్రాఫైటు, రెండోది వజ్రం. రెండూ నిజమే, ఏ రూపమో చెప్పకపోవడమే తప్పు. గాలియం కరిగే ఉష్ణోగ్రత ఒకచోట 29.76, ఇంకోచోట 302.91. మొదటిది సెల్సియస్, రెండోది కెల్విన్. అరచేతిలో పెట్టుకుంటే కరిగిపోయే లోహాన్ని మూడొందల డిగ్రీల కొలిమిలో వేయాలనుకున్న పిల్లల్ని చూశాను. వాయువుల సాంద్రత కొన్ని పట్టికల్లో లీటరుకు, కొన్నిట్లో ఘనసెంటీమీటరుకు ఇస్తారు, మధ్యలో వెయ్యి రెట్ల తేడా.

ఇంటర్నెట్ మీద ఆధారపడి సమాచారం తెచ్చే ఏర్పాట్లు కూడా వచ్చాయి. మైక్రోసాఫ్ట్, వుల్ఫ్రామ్ సంస్థతో కలిసి 2020లో ఎక్సెల్‌లో అలాంటిదొకటి పెట్టింది. మూలకం పేరు వేస్తే దాని జాతకమంతా గడిలోకి వచ్చేది. 2023లో దాన్ని నిలిపివేశారు. బాగుండేది, పోయింది. చేతిలో ఉన్న 118 వరుసల సొంత పట్టిక మాత్రం కరెంటు ఉన్నంతకాలం పనిచేస్తుంది. యాడ్-ఇన్ వాడండి, దాని పక్కన ఇదీ దాచుకోండి.

మా పట్టికలో ఇప్పుడు ప్రతి విలువ పక్కనా ఇంకో నిలువు వరుస ఉంది. దానికి "ఎక్కడిది" అని పేరు పెట్టాం. ఏ పట్టిక నుంచి తీసుకున్నాం, ఏ సంవత్సరం, ఏ రూపం, ఏ ప్రమాణం, అన్నీ అందులో రాయాలి. మొదట పిల్లలు విసుక్కున్నారు. 118 మూలకాలు, ఒక్కోదానికి ఆరేడు విలువలు, అన్నిటికీ ఎక్కడిదో రాయడమంటే చిన్న పనేం కాదు. నలభైమందికీ ఇంచుమించు తలా మూడు మూలకాలు పంచాను. మైలతుత్తం అమ్మాయికి హైడ్రోజన్, హీలియం, లిథియం వచ్చాయి.

రెండు రోజుల తర్వాత మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చింది. హీలియం కరిగే ఉష్ణోగ్రత దగ్గర "లేదు" అని రాసింది. మామూలు వాతావరణ పీడనంలో ఎంత చల్లబరిచినా హీలియం గడ్డకట్టదని, పాతిక రెట్ల ఒత్తిడి పెడితేనే గడ్డకడుతుందని పక్కన "ఎక్కడిది" గడిలో వివరంగా రాసుకొచ్చింది. చాలా సంతోషం వేసింది. ఆమె సందేహం దాని గురించి కాదు.

"మేడం, కనుక్కున్న సంవత్సరం దగ్గర ఏం వేయమంటారు? మన యాడ్-ఇన్ 1895 అంటోంది. పబ్లిక్ లైబ్రరీలో పుస్తకం 1868 అంటోంది."

రెంటికీ కారణముంది. 1895లో లండన్‌లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువును పరీక్షించి, భూమి మీద హీలియం ఉందని చూపించాడు. చేతికి చిక్కింది అప్పుడే. 1868 మాత్రం సూర్యుడిది. ఆ సంవత్సరం ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు వర్ణపటదర్శిని పట్టుకుని వచ్చి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడగొట్టి చూశాడు. గ్రహణం విడిచిన మర్నాడు కూడా, మామూలు ఎండలోనే, ఆ జ్వాలల గీతలు చూడవచ్చని కనిపెట్టాడు. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ ఆ వెలుగులోని పసుపు గీత సోడియం గీతల పక్కనే ఉన్నా సోడియానిది కాదని తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అన్న పేరు స్థిరపడింది.

జాన్సెన్ ఆ గ్రహణాన్ని చూసింది గుంటూరులో.

ఆ మాట చెప్పగానే అమ్మాయి నా ముఖంలోకి చూసి, "మన గుంటూరేనా మేడం?" అంది. మన గుంటూరేనమ్మా అన్నాను. ఆమె తిరిగి కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. సంవత్సరం గడిని రెండుగా చేసింది. ఒకదానిలో సూర్యుడిలో 1868 అని, రెండోదానిలో భూమి మీద 1895 అని రాసింది. "ఎక్కడిది" అన్న గడిలో ముందు పుస్తకం పేరు టైపు చేసి, ఒక్క క్షణం ఆగి, దాని పక్కన గుంటూరు అని కూడా వేసి ఎంటర్ నొక్కింది.